వెనక మనిషి: గిన్నెలో పళ్ళు

పళ్ళక్క అబద్ధమాడి ఈ బుధవారానికి సరిగ్గా పది రోజులు. ఈ పది రోజుల్లో ఆమెను మెచ్చుకోని మనిషి లేడు. ఒక్కరైనా తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది పాపం.

ఇంతవరకూ కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. డాక్టరమ్మ క్లినిక్కు వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి కాబట్టి ఆదివారం పరుగుల గుంపులో ఆమెను పళ్ళక్క అంటారు. అసలు పేరు అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆ గుంపులో ఉన్న రూలల్లా ఒక్కటే. ప్రతి ఆదివారం వంతులవారీగా ఒకరు వెనక మనిషి అవుతారు. నారింజరంగు జాకెట్టు వేసుకుని, మెడలో ఈల తగిలించుకుని, అందరికంటే నెమ్మదిగా వచ్చేవాళ్ళకు కూడా వెనకే ఉంటారు. ఎవరైనా కూలబడితే ఈల వేస్తారు. ఏమైనా సరే, ఆ జాకెట్టు వెనక ఒక్క ప్రాణి కూడా మిగలకూడదు.

పదో తారీకు ఆదివారం ఆ జాకెట్టు పళ్ళక్క ఒంటి మీద ఉంది. ఆమె ముందు లెక్కల మాస్టారు ఉన్నారు, డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, అందరికంటే చివర వచ్చేదీ ఆయనే. ఆ రోజే గుంపు కెప్టెన్ పోటీ జట్టుకి ఐదుగురిని ఎంచుతున్నాడు. సగం దూరం రాయి దగ్గర ఎవరి వాచీ వాళ్ళు నొక్కుకుని, చివర్లో తనకి చూపించమన్నాడు. వెనక మనిషికి మాత్రం వచ్చే వారం టైము తీస్తానన్నాడు. వచ్చే వారానికి ఐదో చోటు ఉంటుందో ఉండదోనని పళ్ళక్క మనసు పీకింది. రాయి దగ్గర వాచీ నొక్కింది. "ఆ మలుపు దాకా వెళ్ళొస్తా మాస్టారూ, మీరు నెమ్మదిగా రండి" అంది. జాకెట్టు విప్పి నడుముకి చుట్టుకుంది. వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఇరవై ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. తన జన్మలో అంత వేగంగా పరిగెత్తింది లేదు. మాస్టారేరని కెప్టెన్ అడిగితే, మోకాళ్ళ నొప్పులని చెప్పి రాయి దగ్గరే అడ్డదారిన ఇంటికి పోయారని నోటికొచ్చింది అనేసింది. మామగారు ఇంకా ఇంటికి రాలేదని కోడలు ఫోన్ చేసేసరికి మాస్టారు కల్వర్టు పక్క గోతిలో పడి నలభై నిమిషాలైంది. అందరికంటే ముందు పరిగెత్తి ఆయన్ని కనిపెట్టింది పళ్ళక్కే. ఎక్కడ వెతకాలో ఆమెకు కాక ఎవరికి తెలుసు? తల ఒళ్ళో పెట్టుకుని ఈల మీద ఈల వేసింది. గుంపు వచ్చి చూసింది ఆ దృశ్యాన్నే. మనుషులు చూసిందే నమ్ముతారు మరి.

ఆ తర్వాత ఆమె ఇంట్లో జరిగింది ఇంకా దారుణం. నలభై దాటాక ఈ గంతులేమిటని మూడేళ్ళుగా సాధించిన అత్తగారు, మా కోడలు ఒక నిండు ప్రాణం నిలబెట్టిందని మూడు అంతస్తులూ ఎక్కి దిగి చెప్పొచ్చారు. కూతురు తల్లి ఫొటో ఫోనులో పెట్టుకుంది. అన్నం ముందు కూర్చుంటే పళ్ళక్కకి ముద్ద దిగేది కాదు. జట్టులో చోటొచ్చినందుకు సంబరమేమో అనుకున్నారు ఇంట్లోవాళ్ళు.

ఇక అసలు విషయానికొస్తే, నిజం తెలిసిన రెండో మనిషి నోట మాట లేదు. గోతిలో పడ్డప్పుడు మాస్టారి పై వరస కట్టుడు పళ్ళు రెండు ముక్కలయ్యాయి. పెదవికి కుట్లు పడ్డాయి. కుడిచెయ్యి విరిగి కట్టులో ఉంది కాబట్టి రాసి చూపించే దారీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు బోర్డు ముందు నిలబడి గొంతెత్తిన మనిషి, బోసినోటితో తుసతుసమంటూ మాట్లాడటానికి ఒప్పుకోలేదు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపేవారు. కొడుకూ కోడలూ దాన్ని మొండితనం అనుకున్నారు. ఇంటికొస్తానని చెప్పి మళ్ళీ పరుగుకి పోతారా, ఈ వయసులో మాట వినరా అని పోరు పెట్టారు.

ఆ విరిగిన పళ్ళు బాగుచెయ్యమని మంగళవారం డాక్టరమ్మ తెచ్చి ఎవరి బల్ల మీద పెట్టిందో మీకు చెప్పనక్కర్లేదు.

రెండు ముక్కలూ అతికించి, కింద సుద్దపోసి, పగులు పొడుగునా గులాబీరంగు ముద్ద నింపి, ఉడికించి, నునుపు పట్టించడానికి పళ్ళక్కకి ఒక పూట పని. చేతిలో ఉన్న మిగతా పనుల మధ్య గురువారానికల్లా అయిపోయింది. చక్కగా వచ్చింది కూడా, అతుకు ఎక్కడో వెతికినా దొరకదు. అది నీళ్ళ గిన్నెలో వేసి, గిన్నె మీద మూత పెట్టి, మూత మీద సుద్ద అచ్చు ఒకటి బోర్లించి, అరలో వెనక్కి తోసేసింది. డాక్టరమ్మ అడిగితే ఇంకా కుదరడం లేదండీ అంది. శనివారం అడిగితే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలంది. సోమవారం అడిగితే కరెంటు మీద నెట్టేసింది. ఒక ముసలాయన జావ తాగుతూ మూగవాడిలా కూర్చున్నాడు. ఆయన నోరు ఈవిడ గిన్నెలో నానుతోంది. పొద్దున వచ్చి గది తాళం తీసినప్పుడల్లా పళ్ళక్క కళ్ళు ముందు ఆ అర మీదికే పోయేవి. నేనింత నీచమైన మనిషినా అని తన మీద తనకే రోత పుట్టేది. అయినా మూత తియ్యలేదు. తలకి దెబ్బ తగిలింది కదా, మర్చిపోయి ఉంటారేమోనన్న ఆశ కూడా ఒక మూల ఉండేది. ఆ ఆశకి ఇంకా సిగ్గుపడేది.

బుధవారం పొద్దున పదింటికి డాక్టరమ్మ గుమ్మంలో నిలబడింది. పదకొండింటికి మాస్టారు వస్తున్నారని, ఇక సాకులు వద్దని, కాకపోతే చెబితే ఇంకోచోట చేయించుకుంటానని అంది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం పళ్ళక్క ఈ పదేళ్ళలో వినలేదు. అయిపోయిందండీ అంది.

సుద్ద అచ్చు తీసింది. మూత తీసింది. పళ్ళు గిన్నె అడుగున నవ్వుతున్నాయి.

మెత్తటి బ్రష్షుతో కడుగుతుంటే మూడేళ్ళ కిందటి ఆదివారం గుర్తొచ్చింది. రోజంతా నడుం వంచి కూర్చునే పని. ఒకరోజు మూడో అంతస్తు ఎక్కేసరికి కళ్ళు తిరిగి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపే ఆమెను గుంపులోకి తెచ్చింది. మొదటిరోజు రెండు కరెంటు స్తంభాల దూరం పరిగెత్తి ఆగిపోతే, నారింజ జాకెట్టులో వెనక నిలబడ్డ మనిషి లెక్కల మాస్టారే. ఆయన జాలిపడలేదు, పొగడలేదు. "ఆ స్తంభం దాకా. అంతే. తర్వాతి స్తంభం సంగతి అక్కడికెళ్ళాక చూద్దాం" అన్నారు. స్తంభం తర్వాత స్తంభం అలాగే పట్టించారు. ఆరు నెలలకి ఐదు కిలోమీటర్లు, ఏడాదిన్నరకి పది. నెమ్మదిగా నడుం నొప్పి పోయింది, తర్వాత పిరికితనం పోయింది. అత్తగారి మాటకి తలొంచుకునేది కాస్తా నవ్వి బూట్ల లేసులు కట్టుకోవడం నేర్చుకుంది. అదంతా వెనక ఒకరున్నారన్న ధైర్యంతో వచ్చిందని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ చేసిన పనే ఇది.

తుడిచి డబ్బాలో పెట్టింది. ప్రతి డబ్బాలోనూ ఒక చీటీ ఉంటుంది, ఎవరివి, ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు అయ్యాయి అని. ఆ చీటీ తీసి చూడాలన్న ఆలోచనే రాలేదు ఆమెకు.

పదకొండింటికి మాస్టారూ, కొడుకూ, కోడలూ వచ్చారు. మాస్టారి బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది, ఎడమచేతిలో తువ్వాలు నోటికి అడ్డంగా ఉంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు. మూడేళ్ళలో ఆయన్ని బూట్లు లేకుండా ఆమె చూడలేదు. ఆ చూపు పట్టుకున్నాడు కొడుకు. బూట్లు ఇంట్లో ఉంటే మళ్ళీ బుద్ధి అటే పోతుందని మొన్న వాచ్‌మన్‌కి ఇచ్చేశామన్నాడు. ఏదో పెద్ద గండం దాటినట్టు చెప్పాడు. కోడలు వచ్చి పళ్ళక్క రెండు చేతులూ పట్టుకుంది. మీరు లేకపోతే ఏమయ్యేదో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పళ్ళక్క చేతులు లాక్కోలేదు, లాక్కోకపోవడమే ఇంకో అబద్ధంలా తోచింది.

డాక్టరమ్మ మాస్టారిని కుర్చీలో పడుకోబెట్టి, పెదవి పక్కకి లాగి పళ్ళు ఎక్కించింది. అద్దం ఇచ్చింది. ఆయన అద్దంలో చూసుకోలేదు. పక్క ట్రేలో తెరిచి ఉన్న డబ్బా కేసి చూశారు. కళ్ళజోడు ముక్కు మీదికి సర్దుకున్నారు. డబ్బాలో చీటీ ఉంది. చీటీ మీద నీలం పెన్సిలుతో పళ్ళక్క రాసిన అంకెలున్నాయి, వచ్చింది పన్నెండు, అయింది పద్నాలుగు. ఇరవై ఏళ్ళ అలవాటు. పని కాగానే చెయ్యి దానంతటదే రాస్తుంది. అబద్ధం చెప్పిన నోటికి ఆ చేతి సంగతి గుర్తులేదు.

ఏదైనా మాట్లాడండి మాస్టారూ, పలుకు ఎలా ఉందో చూద్దాం అంది డాక్టరమ్మ.

గది అంతా ఆయన నోటి వైపు చూసింది. పళ్ళక్క గోడకి ఆనుకుంది.

"ఇరవైలోంచి పద్నాలుగు తీసేస్తే ఆరు" అన్నారు మాస్టారు.

అందరూ ఘొల్లున నవ్వారు. పది రోజులకి నోరు తెరిస్తే తీసివేత లెక్కా అని కొడుకు, ఇక ఫరవాలేదు మనిషి మనలో పడ్డారని కోడలు. ఇరవయ్యో తారీకు ఇవాళ. మాస్టారు నవ్వలేదు. పళ్ళక్కకేసి చూశారు. మర్చిపోయి ఉంటారన్న ఆశ అక్కడితో సరి. ఆదివారం సంగతి ఒకటే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఈ ఆరు రోజుల సంగతి కూడా ఆయనకి తెలిసిపోయింది.

కొడుకు నవ్వు ఆపుకుని అసలు మాట ఎత్తాడు. ఇప్పుడు నోరుంది కదా, చెప్పండి నాన్నా, ఇంటికొస్తానని ఈవిడతో చెప్పి మళ్ళీ ఎందుకు పరిగెత్తారు?

అయిపోయింది అనుకుంది పళ్ళక్క. విచిత్రమేమిటంటే ఆ క్షణాన ఆమెకు కాస్త హాయిగా కూడా అనిపించింది. వేరే ఎవరో చెప్పేస్తారు. తను తల దించుకుంటే చాలు.

మాస్టారు అతికిన పళ్ళను నాలుకతో తడుముకున్నారు.

"నాదే బుద్ధి తక్కువరా. ఇంటికి పోతానన్నాను. పోలేదు" అన్నారు.

చూశారా అన్నట్టు కొడుకు డాక్టరమ్మ వైపు తిరిగాడు. ఇకమీదట గుమ్మం దాటనిచ్చేది లేదన్నాడు. మాస్టారు సరేలేరా అన్నారు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిలా. పళ్ళక్కకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పదిమందిలో చెప్పుతో కొట్టినా ఇంత సిగ్గయ్యేది కాదు.

ఇంకో రోగి వచ్చిందని డాక్టరమ్మ పక్కగదిలోకి వెళ్తూ, ఎక్కడ ఎత్తుగా తగులుతున్నాయో చూసి అరగదీయమని పళ్ళక్కకి చెప్పింది. కొడుకూ కోడలూ బయట బెంచీ మీద కూర్చున్నారు. తలుపు దానంతటదే మూసుకుంది. గదిలో ఇద్దరు మిగిలారు.

ఆమె నీలం కార్బన్ కాగితం ముక్క పళ్ళ మధ్య పెట్టి కొరకమంది. తీసింది. ఎడమ దవడ పన్ను మీద నీలం చుక్క పడింది. పళ్ళు తీసి, చిన్న మోటారు మీద ఆ చుక్క అరగదీసింది. మళ్ళీ ఎక్కించింది.

"ఇంకా గుచ్చుకుంటున్నాయా?"

"లేదు. పని బాగా చేశావు. గురువారమే బాగా చేశావు."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. క్షమించమని అడగబోయి మానుకుంది. ఆ మాట అనే అర్హత తనకుందా అని.

మాస్టారు పైకప్పు కేసి చూస్తూ మాట్లాడారు. కోపంగా లేదు ఆ గొంతు. కోపంగా ఉంటే తట్టుకునేదేమో. గోతిలోంచి మలుపు కనిపించేదట. వెళ్ళొస్తానంది కదా, వస్తుందని చూశారట. పళ్ళు విరిగి నోరంతా రక్తం, కేక రాలేదట. ఒకటి నుంచి వెయ్యి దాకా లెక్కపెట్టారట, మళ్ళీ మొదలుపెట్టారట. రెండోసారి ఏడువందల దాకా వచ్చాక మలుపు కేసి చూడటం మానేశారట.

"ఈల మాత్రం వినపడింది. చివర్లో. అంతా అయ్యాక వేశావు."

పళ్ళక్క ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది, మరి ఇందాక అబద్ధం ఎందుకు చెప్పారు, నన్నెందుకు కాపాడారు అని.

ఆ మాటకి మాస్టారికి నిజంగానే చిర్రెత్తింది. "నిన్నెవరు కాపాడారు? నిజం చెబితే మావాడు నీ మీద పడతాడు, నిన్ను గుంపులోంచి గెంటేస్తారు. రెండు స్తంభాలు పరిగెత్తలేని దానివి. మూడేళ్ళు నీ వెనక ఎండలో వానలో నడిచింది నేను. ఆ మూడేళ్ళు నావి కూడా. నా చేత్తో నేనే ఎందుకు తగలేసుకోవాలి?"

"మాస్టారూ, నన్నేం చెయ్యమంటారు?"

"నా నోరు నువ్వు బాగుచేశావు. అక్కడితో నీ పని అయింది. నీ నోటి సంగతి నన్నడక్కు" అని ఆయన కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరవకుండానే మళ్ళీ అన్నారు, "ఆ బూట్లు బాగుండేవి."

పళ్ళక్క లేచింది. కొళాయి కింద మొహం కడుక్కుంది. తలుపు కేసి చూసింది. ఆ తలుపు అవతల బెంచీ ఉంది, బెంచీ అవతల కెప్టెన్ సైకిల్ షాపు ఉంది, గుంపు ఉంది, ఇల్లు ఉంది, మూడంతస్తులూ ఎక్కి దిగిన అత్తగారు ఉన్నారు. అన్నీ ఒక్కసారి తలుచుకుంటే ఒళ్ళు చచ్చుబడింది. అప్పుడు అలవాటుగా, ఊపిరి అందని రోజుల్లో అనుకున్నట్టే అనుకుంది. ఆ తలుపు దాకా. అంతే.

తలుపు తీసింది.

కోడలు నవ్వుతూ పక్కకి జరిగి చోటిచ్చింది. పళ్ళక్క కూర్చోలేదు.

"మీ మామగారు ఇంటికి పోతానని నాతో అనలేదమ్మా. నేనే వదిలేసి పోయాను."

ఇద్దరికీ అర్థం కాలేదు మొదట. కొడుకు మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. ఇందాక ఆయనే ఒప్పుకున్నారు కదా అన్నాడు. అది నాకోసం చెప్పిన అబద్ధం అంది పళ్ళక్క. సగం రాయి, వాచీ, నడుముకి చుట్టుకున్న జాకెట్టు, ఐదో చోటు, కెప్టెన్‌తో చెప్పిన మాట, అన్నీ వరసగా చెప్పింది. గిన్నె సంగతి దగ్గరా ఆపలేదు. ఆరు రోజులు అని కూడా చెప్పింది.

కోడలు తన చేతులు తన ఒళ్ళోకి లాక్కుంది.

"పది రోజులుగా ఆయన మీద అరుస్తున్నానక్కా నేను. ఆయన తల ఊపుతూనే ఉన్నారు."

కొడుకు జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కాడు. అవతల కెప్టెన్ గొంతు అక్కడంతా వినిపించేంత హుషారుగా ఉంది. మాస్టారికి పళ్ళు పెట్టారా, పలుకు వచ్చిందా, ఇదిగో మేమంతా షాపులోనే ఉన్నాం, జట్టు బనియన్లు వచ్చాయి, పళ్ళక్క నంబరు కుడుతున్నాం అంటున్నాడు. వెనక నవ్వులు. ఎవరో సరదాకి ఈల వేశారు.

"పళ్ళక్క మీతో మాట్లాడతారట. అందరికీ వినపడేలా పెట్టండి" అని కొడుకు ఫోన్ ఆమె ముందుకి చాపాడు.

ఆమె అందుకుంది. వెనక తలుపు చప్పుడైంది, రబ్బరు చెప్పులు నేల మీద నెమ్మదిగా ఈడ్చుకుంటూ వచ్చి సరిగ్గా ఆమె వీపు వెనక ఆగాయి. తోడుగా నిలబడటానికి వచ్చారో, ఈసారైనా చివరిదాకా వెళుతుందో లేదో చూడటానికి వచ్చారో ఆమెకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఫోన్‌లో ఈల ఆగింది.

"చెప్పక్కా, అందరం వింటున్నాం" అన్నాడు కెప్టెన్.